డమ్మీ రిటర్న్ టికెట్టు తీసుకునే ముందు

పోస్టు పెద్దగానే ఉంటది, ఓపికతో చదవండి. ఊర్లో తమ్ముళ్ళకు చదివి వినిపిస్తే ఇంకా మంచిది.

ఈ మధ్య మనవాళ్ళ నోట ఒకటే ప్రశ్న ఎక్కువగా వినిపిస్తున్నది. "అన్నా, థాయ్‌లాండ్‌కు వీసానే అక్కర్లేదట. పాస్‌పోర్టు ఉంటే చాలట. ఎయిర్‌పోర్టుల రిటర్న్ టికెట్టు చూపియ్యాలట, అది కూడా అబిడ్స్‌ల ఏజెంటే డమ్మీది తీసి ఇస్తడట. పోవచ్చా?" దుబాయ్ విజిట్ వీసా మీద పోయేవాళ్ళు అడిగేది కూడా ఇదే. వీసా గురించి అడుగుతారు, జీతం గురించి అడుగుతారు, రిటర్న్ టికెట్టు సంగతి మాత్రం చిల్లర ఖర్చు కింద తీసేస్తారు. నాకు మాత్రం మొత్తం వ్యవహారంలో అసలు ముడి అక్కడే ఉన్నదనిపిస్తది. ఆ కాగితం చేతిలో పెట్టుకుని కౌంటర్ ముందు నిలబడ్డ నిమిషం నుంచి నువ్వు "నేను పనికి పోతలేను, చూసి వాపసు వస్త" అని రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టే. రేపు అక్కడ జీతం ఇవ్వకపోయినా, చెయ్యి విరిగినా, ఆ ఒప్పుకోలే నీకు అడ్డం వస్తది.

ముందు వీసా లేకుండా రానివ్వడం అంటే ఏందో చూద్దాం. థాయ్‌లాండ్ 2023 నవంబరులో మన దేశం వాళ్ళకు 30 రోజుల దాకా వీసా అక్కర్లేదన్నది, 2024 జూలైలో దాన్ని 60 రోజులు చేసింది. మలేషియా 2023 డిసెంబరు నుంచి 30 రోజులు అనుమతించింది. ఈ గడువులు పెంచుతుంటారు, తగ్గిస్తుంటారు. పోయేముందు ఆ దేశ ఎంబసీ సైటులో చూసుకోవాల్సిందే, పోయినేడు పోయివచ్చినోని మాట పనికిరాదు. గడువు ఎంతైనా దాని అర్థం ఒక్కటే: తిరిగి చూసిపోవడానికి రా. కూలికి గాని, ఆఫీసు పనికి గాని అది అనుమతి కాదు. అందుకే అవతలి దేశం అడుగుతది, ఎప్పుడు పోతవు, టికెట్టు ఏది అని.

అడిగేది అవతలి దేశం కదా, శంషాబాద్‌లో బోర్డింగ్ పాస్ ఇచ్చే అమ్మాయి ఎందుకు అడుగుతదని కొందరు కొట్లాటకు దిగుతారు. ఆమె ఊరికే అడగదు. దిగిన దేశం నిన్ను లోపలికి రానియ్యకపోతే వాపసు తీసుకువచ్చే బాధ్యత నిన్ను ఎక్కించుకున్న విమాన కంపెనీదే. చాలా దేశాలు కంపెనీకి జరిమానా కూడా వేస్తయి. అందుకే కౌంటర్‌లో వాళ్ళ దగ్గర టిమాటిక్ అనే డేటాబేస్ ఉంటది. ఏ పాస్‌పోర్టు, ఏ దేశం, ఎక్కడ విమానం మారుతున్నడు అని కొడితే ఏ కాగితాలు కావాల్నో అందులో వస్తది. కావల్సిన కాగితం లేకపోతే ఎక్కించుకోరు. ఆ తర్వాత ఇమిగ్రేషన్ ఉంటది, అది మన ప్రభుత్వానిది. అక్కడ అడిగే ప్రశ్నలు వేరు.

ఆ ఇమిగ్రేషన్ దగ్గర మనవాళ్ళకు ప్రత్యేకంగా వర్తించే నియమం ఒకటున్నది. పాస్‌పోర్టులో ఈసీఆర్ అని అచ్చు ఉంటే, అంటే మామూలుగా పదో తరగతి పాస్ కానివాళ్ళకు వచ్చేది, పని కోసం 18 దేశాలకు పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు నుంచి క్లియరెన్స్ కావాలి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఇది. గల్ఫ్ దేశాలు ఆరూ ఆ జాబితాలో ఉన్నయి, మలేషియా, థాయ్‌లాండ్, ఇండోనేషియా, ఇరాక్, జోర్డాన్ కూడా ఉన్నయి. ఆ క్లియరెన్స్ రావాలంటే ఉద్యోగ వీసా ఉండాలి, జీతమెంతో రాసిన కాంట్రాక్టు ఉండాలి, ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద బీమా ఉండాలి. బీమాకు రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. మన గూడెంలో, తాండాలో ఒక ఇంటికి 10 లక్షలంటే ఏందో నేను చెప్పక్కర్లేదు.

ఇదే ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఆ దేశాలకు పని కోసం కాకుండా చూడడానికో, చుట్టాల దగ్గరికో పోతున్నానంటే ఆ క్లియరెన్స్ అక్కర్లేదు. పాస్‌పోర్టు, వీసా, రిటర్న్ టికెట్టు చూపిస్తే చాలు. మంచి ఉద్దేశంతో ఇచ్చిన సడలింపే, కొడుకును చూడడానికి పోయే తల్లిని ఆఫీసుల చుట్టూ తిప్పొద్దని. కానీ ఏజెంటు కంటికి అది సందులా కనిపించింది. కాంట్రాక్టు లేదు, బీమా లేదు, లైసెన్సు లేదు. వీటన్నిటి స్థానంలో ఒక్క రిటర్న్ టికెట్టు సరిపోతుంటే వాడు ఇంకేం కష్టపడతడు? ఆ టికెట్టు కూడా నిజంది ఎందుకు, డమ్మీది చాలనుకుంటడు.

అబిడ్స్ జీపీవో చుట్టుపక్కల, చిరాగ్ అలీ లేన్‌లో, నాంపల్లి స్టేషన్ రోడ్డులో తిరిగినవాళ్ళకు ట్రావెల్స్ బోర్డులు కొత్త కాదు. హజ్ యాత్రకు, చదువులకు, చుట్టాల దగ్గరికి నిజాయితీగా టికెట్లు తీసిచ్చే పాత దుకాణాలూ అందులో ఉన్నయి, అందర్నీ ఒకే గాట కట్టడం నా ఉద్దేశం కాదు. నాకు విడ్డూరంగా అనిపించేది వేరే ఉంది. వలస కార్మికుల కోసం పెట్టిన ఆ ప్రొటెక్టర్ ఆఫీసు ఏళ్ళ తరబడి నడిచింది కూడా నాంపల్లిలోనే, ఎంజే రోడ్డు గృహకల్ప భవనంలో. రాష్ట్ర ప్రభుత్వ కంపెనీ టామ్‌కామ్ మల్లేపల్లి ఐటీఐలో ఉన్నది. ఆదిలాబాద్ నుంచో, ఉట్నూరు నుంచో, కామారెడ్డి తాండా నుంచో బస్సెక్కి వచ్చిన పిల్లోడు వీటి ముందు నుంచే ఆటోలో పోయి ఏజెంటు మెట్లెక్కుతడు. ఎందుకంటే ఊర్లోకి వచ్చి, చాయ్ తాగి, "నేనున్న తమ్మీ" అన్నోడు ఏజెంటు మనిషే. ఆఫీసులు ఊర్లోకి రాలేదు.

(ఆఫీసుల అడ్రసులు మారుతుంటయి, పోయేముందు ఈ-మైగ్రేట్ సైటులో ఇప్పటిది చూసుకోండి.)

ఇప్పుడు డమ్మీ టికెట్టు సంగతి. ఈ పేరుతో మూడు రకాలు నడుస్తున్నయి, మూడింటినీ ఒకటే అనుకోవద్దు. ఒకటి, ఉత్త బుకింగు. సీటు పట్టి ఉంచుతారు, పైసలు కట్టరు, కొన్ని గంటలకో ఒకట్రెండు రోజులకో అదే రద్దయిపోతది. దీనికి ఆరక్షరాల పీఎన్ఆర్ ఉంటది కానీ టికెట్టు నంబరు ఉండదు. కొన్ని ఎంబసీలు వీసా దరఖాస్తుకు ఇలాంటి బుకింగు చాలంటయి, వీసా రాకముందే పూర్తి టికెట్టు కొనొద్దని కూడా చెప్తయి. అక్కడ ఇది తప్పేం కాదు. అదే కాగితాన్ని రద్దయిపోయిన తర్వాత ఎయిర్‌పోర్టులో రిటర్న్ టికెట్టని చూపిస్తే మోసం. రెండోది, ఎవడిదో పాత టికెట్టు తీసి పేరు, తారీఖు మార్చి ప్రింటు తీసింది. ఇది ఫోర్జరీ. పట్టుబడితే కేసు నీ మీదనే అయితది, ఎందుకంటే చూపించింది నువ్వు. ప్రింటు తీసినోడు అప్పటికి ఫోన్ ఎత్తడు. మూడోది నిజంగానే కొన్న టికెట్టు, నువ్వు విమానం ఎక్కినాక ఏజెంటు రద్దు చేసి వాపసు పైసలు జేబులో వేసుకునేది. కౌంటర్‌లో ఏ ఇబ్బందీ రాదు కాబట్టి దీన్ని చాలామంది మంచిదనుకుంటారు. కానీ వాపసు రావాల్సిన రోజు నీ చేతిలో ఏమీ ఉండదు, అక్కడ చూసుకుంటే "క్యాన్సిల్డ్" అని వస్తది.

పట్టుకోవడం కష్టమేం కాదు. నిజమైన ఈ-టికెట్టుకు 13 అంకెల నంబరు ఉంటది. విమాన కంపెనీ సొంత సైటులో పీఎన్ఆర్, ఇంటిపేరు కొడితే నీ ప్రయాణం కనిపించాలి. ఏజెంటు పంపిన లింకులో కాదు, కంపెనీ సైటులోనే చూడాలి. నాంపల్లిలో మెట్లు దిగక ముందే, పైసలు ఇవ్వక ముందే, ఫోన్ తీసి చూసుకో. "సర్వర్ డౌన్ ఉంది, రేపు చూడు" అంటే రేపే పైసలు ఇస్తానని చెప్పు.

అక్కడికి పోయినాక కథ ఎట్ల నడుస్తదో గల్ఫ్ పోయొచ్చినవాళ్ళ ఇళ్ళల్లో అందరికీ తెలుసు. విజిట్ మీద దిగి తర్వాత వర్క్ వీసాకు మారడం యూఏఈలో కొన్ని సందర్భాల్లో చట్టప్రకారం కుదురుతది, లేదనను. ఏజెంటు చూపించే ఉదాహరణలన్నీ అవే. కానీ మార్చాల్సింది కంపెనీ, మార్చకపోతే నష్టపోయేది నువ్వు. గడువు దాటిన రోజు నుంచి జరిమానా లెక్క మొదలైతది. పని చేసినట్టు కాగితం లేదు కాబట్టి జీతం అడిగే హక్కు కాగితం మీద ఉండదు. ఖల్లివెల్లి అయిపోతే దాక్కుని పని చేయాల్సిందే, జ్వరమొచ్చినా దవాఖానకు పోవాలంటే భయమే. యూఏఈ 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు చివరి దాకా క్షమాభిక్ష ఇచ్చింది, జరిమానా లేకుండా బయటికి పోవచ్చని. దాని కోసం ఎంతమంది ఎదురుచూస్తుంటారో మన ఉత్తర తెలంగాణ ఊర్లల్లో అడిగితే చెప్తారు.

థాయ్‌లాండ్ దారి ఇంకా ఘోరం. బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం, కంప్యూటర్ వస్తే చాలు, ఇంగ్లీషు కొంచెం వస్తే చాలు అని చెప్తారు. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న మన పిల్లలకు వల వేసేది ఈ మాటతోనే. వీసా అక్కర్లేదు, రిటర్న్ టికెట్టు వాళ్ళే తీస్తరు. దిగినాక కారెక్కించి గంటల కొద్దీ ప్రయాణం, మే సోట్ అనే సరిహద్దు ఊరు, అక్కడ మోయి నది దాటితే అవతల మయన్మార్‌లోని మ్యావడీ. కేకే పార్క్ అనే పేరు వార్తల్లో మీరు వినే ఉంటారు, అది అక్కడిదే. పాస్‌పోర్టు గుంజుకుని, గోడల మధ్య పెట్టి, ఫోన్లలో జనాన్ని మోసం చేసే పని చేయిస్తారు. చేయనంటే కొడతారు, కరెంటు షాకులిస్తారు. 2025 మార్చిలో మన వాయుసేన విమానాలు మే సోట్ నుంచి రెండు రోజుల్లో 500 మందికి పైగా భారతీయుల్ని తీసుకొచ్చినయి. అందులో మన రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలూ ఉన్నరు. కంబోడియా, లావోస్‌లలో ఇదే దందా.

ఆ పిల్లలు దేశం దాటిన తీరు గమనించండి. చూడడానికి పోతున్నామని చెప్పి, పోయేటప్పుడు అడిగిన కాగితాలు చూపించి దాటినవాళ్ళే. నియమం ప్రకారం అంతా సరిగ్గానే ఉన్నది. రిటర్న్ టికెట్టు అడగడం వల్ల ఎవరికీ రక్షణ రాలేదు. కాబట్టి రేపు ఇమిగ్రేషన్‌లో ఇంకా గట్టిగా తనిఖీ చేయాలని ఎవరైనా డిమాండ్ చేస్తే నేను ఒప్పుకోను. గట్టి తనిఖీ అంటే ఆఖరికి ఎవరిని ఆపుతారో మనకు తెలుసు. రంగు చూసి, బట్టలు చూసి, భాష చూసి, "నువ్వేం టూరిస్టువు" అని పక్కన నిలబెట్టేది మన పిల్లలనే. నిజంగానే బ్యాంకాక్ చూడాలని పైసలు కూడబెట్టుకున్న గోండు పిల్లోడు, లంబాడీ పిల్ల కూడా ఉంటారు కదా. వాళ్ళ చేతిలో నిజమైన టికెట్టు, హోటలు బుకింగు, ఖర్చులకు పైసలు ఉంటే అవతలోడి అనుమానానికి సందుండదు. అందుకైనా డమ్మీ ముట్టుకోవద్దు.

పదో తరగతి పాసైనవాళ్ళు ఇంకో సంగతి గుర్తు పెట్టుకోండి. మీ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ రాదు, క్లియరెన్స్ అక్కర్లేదు. పాత పాస్‌పోర్టులో ఈసీఆర్ ఉండి తర్వాత పది పాసై ఉంటే మెమో పెట్టి రీఇష్యూకు దరఖాస్తు చేస్తే తీసేస్తారు. దీన్ని చాలామంది స్వేచ్ఛ అనుకుంటారు, ఒక రకంగా నిజమే. కానీ క్లియరెన్స్ అక్కర్లేదంటే కాంట్రాక్టు చూసేవాళ్ళు కూడా ఎవరూ లేరని అర్థం. మీ కాంట్రాక్టు మీరే చదువుకోవాలి. ఈ-మైగ్రేట్‌లో స్వచ్ఛందంగా నమోదు చేసుకునే వీలున్నది, చేసుకోండి.

ఇక చదువుకు పోయేవాళ్ళు. వీళ్ళ చిక్కు వేరు. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యా నిధి కింద మన రాష్ట్రంలో ఎస్టీ విద్యార్థులకు 20 లక్షల దాకా ఇస్తారు, విమానం ఛార్జీ ఒకవైపుది ఇస్తారు. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో దేశం మొత్తానికి ఏడాదికి 20 సీట్లు, అందులో 3 చెంచు, కొలాం, తోటి, కొండరెడ్డి లాంటి పీవీటీజీ పిల్లలకు. స్టూడెంట్ వీసా ఉన్నవాళ్ళను సాధారణంగా రిటర్న్ టికెట్టు అడగరు, ఒకవైపు టికెట్టుతోనే పోవచ్చు. కానీ మధ్యలో విమానం మారే దేశం నియమాలు వేరే ఉంటయి, దాని గురించి మాసాబ్ ట్యాంక్ ఆఫీసులో గాని, కన్సల్టెన్సీలో గాని ఎవరూ చెప్పరు.

అమెరికాలో విమానం మారాలన్నా మన పాస్‌పోర్టుకు వీసా కావాల్సిందే. వీసా లేకుండా ట్రాన్సిట్ చేసే వీలు అక్కడ 2003 ఆగస్టులోనే తీసేసిండ్రు. లండన్‌లో బయటికి రాకుండా విమానం మారినా మనకు ట్రాన్సిట్ వీసా అవసరం, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వీసాల్లో ఒకటి ఉన్నవాళ్ళకు మినహాయింపు ఉన్నది. సింగపూర్ 96 గంటల దాకా వీసా లేకుండా బయటికి రానిస్తది, అదీ వాళ్ళు చెప్పిన కొన్ని దేశాల వీసా ఉండి, 96 గంటల లోపల మూడో దేశానికి పోయే పక్కా టికెట్టు ఉంటేనే. ఆ పక్కా టికెట్టునే ఆన్‌వర్డ్ టికెట్టు అంటారు. వాపసు హైదరాబాద్‌కే రావాలని దానికి నియమం లేదు, ముందుకు ఇంకో దేశానికి పోయేదైనా చాలు.

తక్కువ ధర చూసి రెండు వేరే వేరే టికెట్లు కొనడం మనవాళ్ళు ఎక్కువ చేస్తున్నరు. హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ, మధ్యలో నుంచి ఇంకో కంపెనీ. ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే సాధారణంగా సామాను నేరుగా పోతది, మొదటి విమానం లేటైతే రెండోది వాళ్ళే చూస్తారు. వేరే వేరే అయితే మధ్యలో బయటికొచ్చి, సామాను తీసుకుని మళ్ళీ చెక్-ఇన్ చేయాల్సి వస్తది. బయటికి రావడమంటే ఆ దేశంలో అడుగు పెట్టడమే, దానికి వీసా కావాలి. పది వేలు మిగిలిందని సంబరపడి శంషాబాద్‌లోనే ఆగిపోతే కాలేజీ చేరే తారీఖు పోతది. ఒకే టికెట్టు తీసుకోండి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

నా మాటకు ఎదురు మాట కూడా వింటున్న. "లైసెన్సు ఏజెంటు మాత్రం తక్కువ తింటుండా? సర్వీస్ ఛార్జీ 30,000, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోవద్దని రూలున్నది, ఎవడు పాటిస్తుండు? టామ్‌కామ్ వాడు సర్టిఫికెట్ అడుగుతడు, ట్రేడ్ అడుగుతడు. మా ఇంట్ల అప్పు ఆగుతదా?" నిజమే, దీనికి తేలికైన జవాబు నా దగ్గర లేదు. పోడు పట్టా రాక, పత్తి మునిగి, మిత్తి పెరుగుతున్న ఇంటికి ఆరు నెలలు ఆగు అని చెప్పడం నాకూ నోరు రాదు. కానీ లైసెన్సు ఉన్నోడు ఎక్కువ గుంజితే ఫిర్యాదు చేయడానికి ఈ-మైగ్రేట్‌లో వాని నంబరు ఉంటది, వాడు కట్టిన డిపాజిట్ ఉంటది. లైసెన్సు లేనోడు ఎగ్గొడితే వాని పేరన్నా నిజమైందో కాదో తెలువది. రెండు నష్టాల్లో ఏది చిన్నదో చూసుకోవాల్సిన పరిస్థితి మనది. ఈ-మైగ్రేట్ సైటులోనే లైసెన్సు లేకుండా దందా చేస్తున్న ఏజెంట్ల జాబితా కూడా పెడతారు, ఆ పేర్లు కూడా చూడండి.

పిల్లలను తిట్టి లాభం లేదు. నేను తప్పు పట్టేది మన గురుకులాలను, ఐటీడీఏలను, కొంతవరకు మన సంఘాలను కూడా. ఇంటర్ చదివే పిల్లలకు పాస్‌పోర్టులో ఈసీఆర్ అంటే ఏందో ఒక్క గంట క్లాసు చెప్పడానికి బడ్జెట్ అక్కర్లేదు. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం ఐటీడీఏల్లో సోమవారం గ్రీవెన్స్ నడిచే దగ్గర విదేశీ ప్రయాణాల కోసం ఒక బల్ల, కంప్యూటర్ ముందు ఒక మనిషి ఉంటే, ఆఫర్ లెటరు తెచ్చినోనికి అక్కడికక్కడే ఏజెంటు నంబరు చూసి చెప్పొచ్చు. ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మంజూరైన పిల్లలకు టికెట్టు కొనే ముందే ట్రాన్సిట్ గురించి ఒక కాగితం చేతికియ్యాలి. ఈ మూడింటి మీద పీవోలకు, ట్రైబల్ వెల్ఫేర్ కమిషనర్‌కు వినతిపత్రం ఇద్దామని నా ప్రతిపాదన. జిల్లా కమిటీల వాళ్ళు మీ అభిప్రాయం రాయండి.

అది అయ్యేదాకా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. హైదరాబాద్‌లో చదువుకుంటున్నవాళ్ళం ఇంతమందిమి ఉన్నం. ఊరి నుంచి ఎవరైనా అబిడ్స్‌కో, నాంపల్లికో ఏజెంటు దగ్గరికి వస్తున్నరని తెలిస్తే ఒక్కరం వాళ్ళ వెంట పోదాం. పోయి నెమ్మదిగా అడిగేవి మూడే. మీ ఆర్‌సీ నంబరు ఎంత? వీసా ఏ రకం, దాని మీద పని చేయొచ్చని ఎక్కడ రాసి ఉంది? ఈ రిటర్న్ టికెట్టు నంబరు ఏది, నేను కంపెనీ సైటులో చూడొచ్చా? డిగ్రీ చదువుతున్న పిల్లోడు పక్కన కూర్చుని ఇవి అడుగుతుంటే ఏజెంటు గొంతు మారుతది. మారకుండా కాగితాలు చూపించేవాడైతే మంచిదే, వానితో పని చేయించుకోవచ్చు.

ఇప్పటికే అక్కడ ఇరుక్కుపోయినవాళ్ళుంటే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090. పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల ఫోటో, ఎక్కడున్నారో లొకేషన్, ఏజెంటుకు పైసలు పంపిన రసీదులు పోలీసులకూ, ఎంబసీకీ అవసరం పడతయి, ఇంట్లోవాళ్ళు జాగ్రత్త చేసుకోవాలి. పోయేవాళ్ళు ఇవన్నీ ముందే ఇంట్లో ఒకరి ఫోన్లో పెట్టి పోవాలి.

వెంట రావడానికి వీలున్నవాళ్ళు కింద పేరు, ఉంటున్న ఏరియా, ఖాళీగా ఉండే రోజులు రాయండి. ఫోన్ నంబర్లు మాత్రం కామెంట్లలో పెట్టొద్దు, అడ్మిన్లకు విడిగా పంపండి. కోలామీ, గోండీ, కోయ, బంజారా భాషల్లో ఈ పోస్టు సారాంశం వాయిస్‌లో చెప్పగలిగినవాళ్ళు కూడా చెప్పండి, ఊర్ల గ్రూపుల్లోకి అదే ముందు పోవాలి.